నన్ను పట్టించిన గుమ్మడి మొక్క

"ఏమ్మే సుందరమ్మా, నీ చేలో కొయ్య ఉంటే నా గడప ముందర అరుస్తా ఉండావేంది?"

"అది నీ చేలో కొయ్య అక్కా! సోమవారం నీ శెనక్కాయల నడిమధ్యన కొట్టింది ఈ రెండు కళ్ళతో చూసినా. దానికేమన్నా కాళ్ళొచ్చి గట్టు దాటిందా?"

"దాటిందేమో! కరెంటోళ్ళ కొయ్య, ఏమైనా చేస్తాది."

"దేవుని బిడ్డవు గదా, నిజం చెప్పు."

అప్పుడు నేనేమి చేశానో ఎరుగుదురా సహోదరులారా? ఒట్టు పెట్టుకోరాదని తెలిసి కూడా లోపలికి పోయి బైబిలు తెచ్చి, దాని మీద చేయి వేసి, నేను ముట్టుకోలేదు అన్నాను. అయ్యో, ఎంత చీకటిలో ఉన్నానో చూడండి!

సంగతి ఏమంటే, నాయుడుపేట వైపు నుంచి మా కోట ఊరి వైపుకు పెద్ద కరెంటు తీగలు తెస్తూ, ఇనుప టవరు లేచే ప్రతి చోటా ఎర్ర రంగు పూసిన కొయ్య పాతుకుంటూ వచ్చారు. నాకున్నది ఒక్క ఇసుక చేను, భర్త పోయిన నాటి నుంచి అందులో కాసే కాయలే నా కూడు, దాని నడుమ నాలుగు కాళ్ళ టవరు నిలబెడితే నేనేమి తినాలని కడుపు రగిలి, ఆ సోమవారం మధ్యాహ్నం పనివాళ్ళు సద్ది తిని తాటిచెట్ల నీడన కునుకు తీస్తుండగా కొయ్యను పీకి, పక్కనే ఉన్న నా తోడికోడలు సుందరమ్మ చేలో నాటి వచ్చాను. అంతటితో ఊరుకున్నానా? పీకిన గుంట వృథాగా పోతుందని అందులో ఒక గుమ్మడి గింజ వేసి నీళ్ళు పోశాను!

శుక్రవారం మేమిద్దరం అట్లా అరుచుకుంటుండగానే సర్వేయరు గారు చేలోకి వచ్చారని తెలిసి ఇద్దరమూ అక్కడికి పోయాము, ఆయన మూడు కాళ్ళ దుర్భిణిలో చూశారు. వెనక కొయ్యకూ ముందు కొయ్యకూ వరస కుదరలేదు. కొయ్యలు కొట్టే కూలి ఏసోబు, మైపాడు వాడు, ముగ్గురు పిల్లల తండ్రి, పక్కనే సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"తాగి కొట్టినావా? రేపు పొద్దున ఆ సుత్తి అప్పగించి ఇంటికి పో!"

"సరిగ్గానే కొట్టినా దొరా. అవ్వా, నువ్వు చూసినావు గదా, చెప్పవ్వా!"

సుందరమ్మ తానూ చూశానన్నా, కొయ్య ఆమె చేలోనే ఉంది గనుక సర్వేయరు గారు నమ్మలేదు. "నాకు కళ్ళు ఆనవు నాయనా" అన్నాను. ఇసుకలో పడ్డ ఒక్క శెనక్కాయ గింజను నాలుగు బారల దూరం నుంచి కనిపెట్టే కళ్ళు ఇవి!

ఆ సాయంకాలం మోకరించి, "ప్రభువా, ఏసోబు పని నిలబెట్టు, టవరును మాత్రం సుందరమ్మ చేలోనే ఉంచు" అని ప్రార్థించాను. దేవునితో కూడా బేరమే! సంగటి ముద్ద తినబుద్ధి కాక పక్కన పెట్టి, పొద్దు వాలకముందు చేలోకి పోయి చూద్దును గదా, సరిగ్గా కొయ్య ఉన్నచోట గుమ్మడి మొలిచి రెండాకులు విప్పుకుని నిలబడి ఉంది! శెనక్కాయల నడుమ ఈ ఒంటి గుమ్మడి ఏమిటని రేపు ఎవరు అడిగినా ఇదే సాక్ష్యం చెబుతుందని, పీకేద్దామని వంగాను. మొలిచిన మొక్కను పాడుచేయడానికి నాకు చేయి రాలేదు సహోదరులారా, ఈ పుట్టుకలో ఏనాడూ రాలేదు. బైబిలులో మాట వినని ప్రవక్తకు సొరతీగతో బుద్ధి చెప్పిన దేవుడే ఈ పిసినారి ముసలిదానికి గుమ్మడి మొక్కతో చెప్పాడు! అక్కడే ఇసుకలో కూలబడి, "తండ్రీ, చేను నీది, అబద్ధమాడిన నోరు నాది, రెండూ నువ్వే చూసుకో" అని ఏడ్చాను. లేచేసరికి ఆకలి వేసింది. ఇంటికి పోయి పక్కన పెట్టిన ముద్ద తిన్నాను. దేవునికే మహిమ!

ప్రియులారా, మీరు ఎవరి చేలోకి ఏ కొయ్య జరిపి ఉన్నా, ఎండ ఎక్కకముందే పోయి ఒప్పుకోండి. ఆయనను నమ్మండి, ఆయన కూడు పెడతాడు, నాకు పెడుతున్నాడు.

మరునాడు పొద్దున్నే సుందరమ్మ చేలోంచి కొయ్యను పీకి చంకన పెట్టుకుని సర్వేయరు గారి దగ్గరికి పోయి అందరి ముందర ఒప్పుకున్నాను. ఆయన నెత్తి కొట్టుకుని, "టవరు కాళ్ళు దిగే చోటు తప్ప మిగతాదంతా విత్తుకోవచ్చవ్వా, ముందే అడిగుంటే చెప్పేవాణ్ణి గదా!" అన్నారు. ఏసోబు సుత్తి ఏసోబు చేతిలోనే ఉండిపోయింది. వాడు కొయ్యను మళ్ళీ నా చేలో దిగగొట్టే ముందు, సుందరమ్మ నా గుమ్మడి మొక్కను మట్టిబెడ్డతో సహా ఎత్తి తన గట్టున నాటుకుంది. కాయల్లో సగం నావని అక్కడే చెప్పేశాను.