అత్తగారికి పరిచిన తువ్వాళ్ళు

ఆ రోజుల్లో అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడకూడదన్న పట్టింపు కంచరపాలెంలో ఇంకా మిగిలుండేదో, లేక మా అత్తగారికి నేనే నచ్చలేదో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. (గోదావరి నుంచి వచ్చి పోర్టులో ఉద్యోగం వెలగబెడుతున్న కుర్రాణ్ణి కూతురు ప్రేమించడం ఆవిడకి అంతగా రుచించలేదు లెండి.) పెళ్ళై ఆరు నెలలైనా నాతో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. అన్నీ "మీ ఆయనకి సెప్పు" అంటూ కూతురి మీదుగానే. ఆ నోటితో ఒక్కసారి పిలిపించుకోవాలని నాకు మహా కోరికగా ఉండేది. అందుకే హనీమూన్‌కి బ్యాంకాక్ వెళ్తూ ఆవిడనీ వెంటబెట్టుకెళ్ళాను. స్నేహితులు ఇప్పటికీ నవ్వుతారు.

అక్కడ పాత రాజధాని శిథిలాలు చూపించే బస్సెక్కాం. గైడమ్మాయి దిగమనగానే మా అత్తగారు సింహాచలం వెళ్ళినప్పటిలాగే చెప్పులు సీటు కింద విడిచేశారు. "గుడికెల్తన్నాం. బూట్లు ఇప్పీమని మీ ఆయనకి సెప్పే." "అమ్మా, అక్కడన్నీ పడిపోయిన గోడలే, పూజలేటీ లేవు" అంది నా భార్య. నేనప్పటికే మేజోళ్ళతో సహా విప్పేశాను. మంచి అల్లుడనిపించుకోవడానికి అంతకంటే మంచి అవకాశం ఏం దొరుకుతుంది? మేం దిగీ దిగగానే బస్సు అవతలి గేటుకి వెళ్ళిపోయింది.

మిట్టమధ్యాహ్నం. ఇటుకలు పెనంలా కాలుతున్నాయి. నా భార్య తన చెప్పులు ఇవ్వబోతే అత్తగారు కస్సుమన్నారు. "దేవుడి కాడ సెప్పులేటే?" "ఈ బుద్ధుళ్ళకి తలకాయలే లేవమ్మా!" "తలకాయ లేపోతే దేవుడు కాడేటి?"

నా సంచిలో రెండు తువ్వాళ్ళున్నాయి. ఒకటి ఆవిడ ముందు పరిచాను. దాని మీదకి రాగానే రెండోది, మళ్ళీ వెనకది తీసి ముందుకి. అలా శిథిలాలన్నీ తిప్పాను, నేను మాత్రం కోతిలా గెంతుతూ. గైడమ్మాయి రాజుల కథ మధ్యలో ఆపేసింది. జనం బుద్ధుణ్ణి వదిలేసి మమ్మల్ని ఫోటోలు తీసుకున్నారు. ఏ రాజు ఏం కట్టించాడో నాకు ఈనాటికీ తెలియదు.

చివరికి ఒక చెట్టునీడలో ఆవిడ ఆగారు. నా కాళ్ళకేసి చూసి, ఏదో చెప్పడానికి కూతురి వైపు తిరగబోయి, మళ్ళీ నా వైపే తిరిగారు.

"ఇలా కూకో బాబూ. పాదాలు బొబ్బలెక్కిపోనాయి. నాకంటే సాదస్తం, సదువుకున్నోడివి నీకేటొచ్చింది?"

తిట్టే అయినా నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పర్లేదండి అత్తయ్యగారూ" అనేలోపు సీసాలో నీళ్ళు నా పాదాల మీద పోసేశారు. (మాది రిజిస్టరాఫీసు పెళ్ళి. అల్లుడి కాళ్ళు కడిగే తంతు ఆ రోజు జరిగిందన్నమాట.)

ఇప్పుడు పొద్దున్నే పూర్ణా మార్కెట్ నుంచి ఫోన్ చేస్తారు, కూతురికి కాదు, నాకే. వంకాయలు కొననా అని మొదలుపెట్టి, నా పొట్ట పెరగడం దాకా అన్నీ ఏకరువు పెడతారు. ఆ ఆరు నెలలూ ఎంత ప్రశాంతంగా ఉండేవో అప్పటి కుర్రాడికి తెలియలేదు పాపం, అని నవ్వుకుంటాను. తొమ్మిదైనా ఫోన్ రాకపోతే మాత్రం నేనే చేసేస్తాను.