నాలుగు మడతల సుతిలి

నా చొక్కా జేబులో ఎప్పుడూ రెండు గజాల సుతిలి ఉంటుంది. టేపు లేక కాదు. వరంగల్‌లో నేను పనిచేసే సామిల్‌లోనూ, ఆ వరసలో ఉన్న మిగతా సామిళ్లలోనూ దుంగను తాడుతోనే కొలుస్తారు. దుంగ నడుముకు సుతిలి చుట్టి, కొసలు కలిసిన చోట వేలితో నొక్కి పట్టుకుని, రెండుసార్లు మడిస్తే నాలుగు పాయలవుతుంది. ఆ మడతను అంగుళాల బద్ద మీద పెట్టి చూస్తారు. పన్నెండు వచ్చిందంటే ఆ దుంగ పన్నెండు అంగుళాల చదరపు దూలం కింద లెక్క. పొడవు పది అడుగులుంటే పది ఘనపుటడుగులు. చదువు రానివాడు కూడా నోటితో చెప్పేయవచ్చు.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఆగలేదు. మిల్లులో చేరిన కొత్తలో నాకొక అనుమానం వచ్చింది. దుంగ గుండ్రం కదా, చదరమెలా అవుతుంది? ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు రెండు అడుగుల పొడవున్న టేకు ముక్క తీసుకున్నాను. దాని చుట్టు రెండు అడుగులు. డ్రమ్ము నిండా నీళ్లు నింపి, ముక్కను కర్రతో అదిమి ముంచి, పొంగిన నీళ్లను కింద పళ్లెంలో పట్టి, లీటరు డబ్బాతో కొలిచాను. తాడు లెక్క ప్రకారం పద్నాలుగు లీటర్లు పొంగాలి. పద్దెనిమిది పొంగాయి. మళ్లీ చేశాను. మళ్లీ పద్దెనిమిదే. పది అని రాసే దుంగలో నిజంగా పన్నెండు ముప్పావుకు ఇసుమంత తక్కువ ఉందన్నమాట.

నాకు కొలత నేర్పిన ఉస్తాద్ ఆ తడి నేల చూసి నవ్వాడు. "నువ్వు కొత్తగ కనిపెట్టినవా? అది అందరికీ ఎర్కే. నాలుగు దిక్కుల బద్దలు పోతయ్, రంపం కింద పొట్టు పోతది. ఆ పోయేదంత తాడు ముందే తీసేస్తది. అందుకే తాడు." దుంగ అమ్మేవాడు, కొనేవాడు, కోసేవాడు అందరూ అదే తాడును ఒప్పుకుంటే ఇక గొడవేముంది? నేనూ ఒప్పుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా అట్లాగే కొలుస్తున్నాను.

మా మిల్లుకు దుంగలు వచ్చే ఊళ్లలో ఒకటి గోదావరి ఒడ్డున ఉంది. హనుమకొండ నుంచి మూడు గంటల బస్సు, మేడారం దారి దాటి ఇంకా లోపలికి పోవాలి. బస్సు దిగాక మూడు కిలోమీటర్ల మట్టిబాట. వానాకాలంలో రెండు వాగులు అడ్డం. ఆ ఊళ్లో పట్టా చేలల్లో, గట్ల మీద టేకు పెంచారు. చెట్టు అక్కడ పెరుగుతుంది, లారీలో ఇక్కడికి వస్తుంది, దర్వాజా అయి మళ్లీ అదే బాటన వెనక్కి పోతుంది. చెట్టుతో పాటు వడ్రంగి కూడా వచ్చాడు. ఆ ఊరివాడే ఒకతను మా మిల్లు పక్క షెడ్డులో తొమ్మిదేళ్లుగా దర్వాజాలు చేస్తున్నాడు. అద్దె రూములో ఒక్కడే ఉంటాడు, నెలకు రెండుసార్లు ఇంటికి పోతాడు. నేను బావ అంటాను. ఆయన భార్య ఆ ఊరి మహిళా సంఘానికి పెద్ద. ఆమెను అక్క అంటాను.

ఈ ఏడు ఎండాకాలంలో, గోదావరి ఒడ్డు ఊళ్లకు ఒక అభివృద్ధి ప్రణాళిక వేస్తున్నారని తెలిసింది. అందులో కలప ఒక భాగం. దుంగలను పట్నానికి పంపకుండా అక్కడే కోసి, ఆరబెట్టి, సామాను చేసే కేంద్రం ఒకటి పెడతారట. రంపం, చిత్రిక మిషను, షెడ్డు అన్నీ ఇస్తారట. మొత్తం ఆ ప్రాంతానికి ఒకటే కేంద్రం. ఏ ఊరి చెట్ల నుంచి వచ్చే అయిదేళ్లలో కోయగా మిగిలే పలక నాలుగు వేల ఘనపుటడుగులు వస్తుందో ఆ ఊరికి. లోపలి ఊళ్లకు ముందు అవకాశం. అంత పలక లేకపోతే తర్వాతి ఊరికి పోతుంది. లోపలి ఊళ్లను కొలవడానికి ప్రణాళిక వేసే సర్కారు ఆఫీసులో మనుషులు చాలక, కొలత వచ్చినవాడిని ఊరే తెచ్చుకోవచ్చన్నారు.

అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, నీ అంత కచ్చితంగ కొలిచేటోడు ఈ జిల్లాల లేడని మీ బావ అంటాండు. నువ్వే రావాలె. కేంద్రం మా ఊరికి వస్తే ఆయన ఇంటికొస్తడు. ఇంకేం వద్దు నాకు."

మూడు రోజులు సెలవు పెట్టి పోయాను. టేకు ఆకు రాలి చెట్లన్నీ బోడిగా ఉన్నాయి, కొలతకు అదే మంచి కాలం. సంఘంలోని ఇద్దరు ఆడవాళ్లు తాడు చుట్టేవారు, అక్క చెట్టుకు సున్నం బొట్టు పెట్టేది, నేను మడిచి అంకె చెప్పి రాసుకునేవాణ్ని. ఎత్తుకు వెదురు గడ పెట్టి చూసి, పైకి పోయేకొద్దీ సన్నబడేదానికి తగ్గించి రాశాను.

"ఏందన్నా, చెట్టుకు రైక కొలత తీస్తానవా?" అని ఒకామె నవ్వింది.

"తీస్తే తియ్యనియ్యే. మన దర్జీ లెక్క తక్కువ కొలిచి గుడ్డ మిగిలించుకోకుంటే సాలు," అంది అక్క.

అందరం నవ్వాం. ఆ మాటను తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో!

ఏడు వందల చెట్లు అయ్యాయి. సగటున చెట్టుకు ఎనిమిది. మొత్తం అయిదు వేల ఆరు వందల ఘనపుటడుగులు. ఆఫీసువాళ్లు ఇచ్చిన ఫారంలో 'ఘనపరిమాణం' అనే గడిలో ఆ అంకె రాసి, కింద సంతకం పెట్టాను. రెండుసార్లు కూడి చూశాను, ఒక్క అడుగు కూడా తేడా లేదు. ఎట్లా కొలిచామో రాయమని ఫారంలో గడి లేదు. నేనూ రాయలేదు.

బావ అప్పటినుంచే బట్టలు సర్దుకున్నట్టు మాట్లాడేవాడు. దసరాకు ఖాళీ చేస్తానని రూము ఓనరుకు చెప్పేశాడు.

వానలు వెనకబట్టాక జాబితా వచ్చింది. కేంద్రం మెయిన్ రోడ్డు మీది ఊరికి పోయింది. అక్క వాళ్ల ఊరి వరసలో ఇట్లా ఉంది: ఘనపరిమాణం అయిదు వేల ఆరు వందలు, కోతలో పోయేది వందకు నలభై, మిగిలే పలక మూడు వేల మూడు వందల అరవై. చాలదు.

ఆ కాగితం ఫోనులో చూస్తూ మిల్లు గేటు దగ్గరే నిలబడిపోయాను. కోతలో పోయేది మళ్లీ తీసేశారు. తాడు ఒకసారి తీసేసింది, వాళ్లు ఇంకోసారి తీసేశారు. గుండ్రపు లెక్కన ఆ చెట్లలో ఏడు వేల నూట ముప్పై ఉంది. అందులోంచి వందకు నలభై తీసినా నాలుగు వేల రెండు వందల డెబ్బై ఎనిమిది. కావలసినదానికన్నా రెండు వందల డెబ్బై ఎనిమిది ఎక్కువే. రోడ్డు మీది ఊరిని ఆఫీసువాళ్లే టేపుతో కొలిచారు, ఫోనులో గుండ్రపు లెక్క వేశారు. ఒక ఊరికి ఒక కొలత, ఇంకో ఊరికి ఇంకో కొలత. రెండూ ఒకే గడిలో.

మర్నాడే ఆఫీసుకు పోయాను. ప్రణాళిక చూసే మేడం చిన్న వయసు మనిషి. కుర్చీ చూపించి, నీళ్లు ఇప్పించి, నేను చెప్పిందంతా విన్నది. అందుకే ఇంకా బాధ.

"సర్కిల్ ఫార్ములా నాకు తెలుసండీ. కానీ ఫార్మ్‌లో వాల్యూమ్ అని ఉంది. మీరు వాల్యూమే రాసి సైన్ చేసిండ్రు. మేం రూల్ ప్రకారం వేస్టేజీ తీసినం."

"రెండోసారి తీసిండ్లు మేడం."

"మొదటిసారి తీసినట్టు ఎక్కడుంది?"

నా నోటుపుస్తకం ముందు పెట్టాను. ఏడు వందల చెట్ల మడత అంగుళాలు వరసగా ఉన్నాయి. ఆమె నాలుగు పేజీలు తిప్పింది. "ఇది మీ సొంత పుస్తకం. తాడు కొలతలో ఇంత పోతుందని మీ ట్రేడ్‌లో లైసెన్స్ ఉన్నవాళ్లు ఎవరన్నా లెటర్‌హెడ్ మీద రాసిస్తే ఫైల్‌లో పెట్టి పైకి పంపుతా. వారం టైం ఉంది."

ఒక్క ఉత్తరం. మా మిల్లు సేటు రాయాల్సింది నాలుగు వాక్యాలు. ఆయన పూజ ముగించుకుని గల్లా దగ్గర కూర్చున్నాక అడిగాను. పూర్తిగా విని చేతులు జోడించాడు.

"లెక్కల మాస్టరూ, నీకు దండం. నేను నా కాయితం మీద తాడు తక్కువ చూపిస్తదని రాసిస్తనా? రేపు పొద్దున దుంగ దించే ప్రతోడు దాని జిరాక్స్ పట్టుకొని వస్తడు."

"అందరికీ ఎర్కున్న సంగతే కద సేటూ."

"ఎర్కుండుడు వేరు, రాసిచ్చుడు వేరు. ఇంకో మిల్లోన్ని అడుగు పో. వాడు ఇస్తే నా దగ్గరికి రా, నేను గూడ ఇస్త."

అయిదు మిల్లులు తిరిగాను. మూడింటిలో చాయ్ ఇచ్చారు. ఒకాయన, జర ఆరోగ్యం చూసుకోమన్నాడు. ఉత్తరం ఎవరూ ఇవ్వలేదు. చివరికి నేనే తెల్లకాగితం మీద రాశాను: నేను కొలిచాను, తాడుతో కొలిచాను, అసలు ఇంత, తాడు చూపేది ఇంత. డ్రమ్ము సంగతి కూడా రాశాను. మేడం దాన్ని చదివి, ఫైలులో పెట్టి, ముద్ర కొట్టి రసీదు ఇచ్చింది. వారం తర్వాత జవాబు వచ్చింది. లైసెన్సు లేని వ్యక్తి వివరణ కాబట్టి ఇప్పుడు పరిశీలించలేమట, అయిదేళ్ల తర్వాత ప్రణాళిక మార్చేటప్పుడు చూస్తారట.

అయిదేళ్లు. ఏడు వందల చెట్లు, అయిదేళ్లు. చెట్లయితే ఆగుతాయి.

ఈ మాట ఫోనులో చెప్పకూడదనుకుని బస్సెక్కాను. అక్క వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. జాబితా సంగతి ఆమెకు అప్పటికే తెలుసు, తమ చెట్లు చాలలేదనుకుంటోంది. నేను కాగితం మీద రెండు లెక్కలు పక్కపక్కన వేసి చూపించాను. చేట కింద పెట్టి చాలాసేపు చూసింది. ఆమె సంఘం పద్దులు రాసే మనిషి, అంకెలు చెప్పాల్సిన పని లేదు.

"అంటే మా చెట్లు సరిపోయినయి."

"సరిపోయినయక్కా. ఎక్కువే ఉన్నయి."

"మరి లెక్క తప్పిందెవరు? ఆఫీసోళ్లా, నువ్వా?"

బస్సులో మూడు గంటలు దీనికి జవాబు తయారు చేసుకున్నాను. ఫారంలో గడి లేదు, మేడంకు తాడు తెలియదు, సేటు రాయలేదు. అన్నీ నిజాలే.

"నేనే అక్కా. తాడు తక్కువ చూపిస్తదని నాకు ఇరవై ఆరేండ్ల సంది తెలుసు. తాడు లెక్క అని ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. చేతికి అలవాటై రాయలే."

ఆమె తిట్టలేదు. చేట తీసుకుని మళ్లీ రెండుసార్లు చెరిగింది. "మీ బావకు చెప్పినవా?"

"లేదు."

"రోజూ పది అడుగుల దూరంల కూసుంటడు. నాకు చెప్పనీకి ఇంత దూరం వచ్చినవ్." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "నేను చెప్ప. నువ్వే చెప్పుకో. రూము సంగతి గూడ నువ్వే చూడు."

మర్నాడు పొద్దున షెడ్డులోకి పోయేసరికి బావ దర్వాజా పట్టెకు చిత్రిక పడుతున్నాడు. చెప్పాను, కాగితం చూపించాను. చిత్రిక ఆపకుండానే విన్నాడు.

"ఇంతేనా? నీ తాడు తక్కువ కొలుస్తదని నాకు తెల్వదా? తొమ్మిదేండ్ల సంది చూస్తాన. నువ్వు పది అని రాసిన దుంగల నాకు పలక ఎప్పుడు అనుకున్నదానికంటె ఎక్కువే తేలుతది."

"తెలిస్తే ఒక్కసారన్నా ఎందుకు చెప్పలేదు బావా?"

"నువ్వు లెక్కలోనివి. నీకు తెల్వకుంట ఉంటదా అనుకున్న. ఆఫీసోళ్లకు సుత తెలుసనుకున్న. అంత పెద్ద ప్లాన్ రాసేటోళ్లకు తాడంటే తెల్వదని ఎవలనుకుంటరు?" చిత్రిక పక్కన పెట్టి పట్టె మీది పొట్టు ఊదాడు. తర్వాత అడిగాడు. "అయిదేండ్లన్నరా?"

"అయిదేండ్లు."

"అప్పుడు కొల్వనీకి నువ్వే రా. టేపు తెచ్చుకో."

వెటకారమో కాదో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాలేదు.

సాయంత్రం మిల్లు కట్టేశాక ఇద్దరం కలిసి రూము ఓనరు ఇంటికి నడిచాం. దసరాకు వేరే కుటుంబం వస్తానందట, అడ్వాన్సు కూడా తీసుకున్నాడట, కుదరదన్నాడు. తప్పు బావది కాదు, నాది, నేను చెప్పిన లెక్క చూసుకునే ఖాళీ చేస్తానన్నాడని చెప్పాను. ఆయనకు టేకు చెట్ల కథ ఏం పట్టింది? అరగంట బతిమాలాక వెనక వైపున్న చిన్న రూము ఇస్తానన్నాడు, కిటికీ లేనిది. బావ లోపలికి పోయి అడుగులతో పొడవూ వెడల్పూ నడిచి చూసుకున్నాడు. తొమ్మిది, ఏడు. ఒక పక్క పై మెట్ల వాలు కిందికి వంగి ఉంది, మంచం దాని కిందే పెట్టాలి.

"సామాను పడుతదా?" అని అడిగాను.

"పడుతది. మంచం కాళ్లు కోస్తే పడుతది," అన్నాడు.

మర్నాడు ఆ కాళ్లు నేనే కోశాను. టేపుతో కొలిచి.