అద్దాల ఫ్రేములో అత్తయ్య ఉలులు

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసేసరికి నేను నూజివీడు బజారులో ఒక సామాన్ల కొట్లో నిలబడి ఉన్నాను. కొట్టాయన కరెంటు పెన్నుతో స్టీలు పళ్లెం మీద ఎవరి పేరో గీకుతున్నాడు. ఆ మోతకు పళ్లు జివ్వుమంటున్నాయి. ఫోన్ పెట్టేసి ఆయన చేతివంక చూస్తే నాకు ముందు ఏడుపు రాలేదు, రోత పుట్టింది. పాపం, ఆయన తప్పేం లేదు. మా అత్తయ్య నాకు మొదట నేర్పింది ఆ రోతే.

ముసునూరులో మామిడి తోటల పక్కన ఆవిడ ఇల్లు. ఇత్తడి, రాగి, స్టీలు సామాన్ల మీద ఉలితో పేర్లు చెక్కడం మా తాతయ్య దగ్గర నేర్చుకుని చివరిదాకా చేసింది. వసారాలో ఇసుక మూట మీద గిన్నె ఆనించి, మోకాలితో అదిమిపట్టి, చిటికెన వేలంత ఉలిని చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోయేది. స్టీలు మీద అక్షరం చుక్కలు చుక్కలుగా దిగేది. ఇత్తడి మీదైతే ఉలి ముందు లోహం సన్నటి తీగలా లేచి చుట్ట చుట్టుకునేది. "గీకితే మాసిపోద్దిరా. ఉలితో తీస్తే ఉంటది" అనేది. మీ ఇంట్లో అమ్మమ్మ పేరున్న చెంబేదైనా ఉంటే వేలితో తడిమి చూడండి, ఆవిడ మాట అర్థమవుతుంది.

పదును చూడటానికి ఉలి మొన ఎడమ బొటనవేలి గోటి మీద ఆనించేది. జారితే మొద్దుబారినట్టు, పట్టుకుంటే పదునున్నట్టు. ఆ గోరు నిండా గీతలే. పెళ్లిళ్లలో ఎవరైనా ఆ గోరు చూసి అయ్యో అంటే ఆవిడకు ఒళ్లు మండేది.

ఆవిడకు సరిపడనివి చాలా ఉండేవి. పెళ్లి కానుకకు బిందె కొని, తమ పేరు ముందువైపు పెద్దగా వెయ్యమనేవాళ్లంటే మరీ అసహ్యం. "ఇచ్చినోళ్ల పేరు అడుగునుండాలండీ. నీళ్లు ముంచుకున్నప్పుడల్లా వాళ్లు మీ మొహం చూడాలా ఏంటి?" అని అనేసేది. వాళ్లు అలిగి వెళ్లిపోయేవాళ్లు, మళ్లీ ఆవిడ దగ్గరకే వచ్చేవాళ్లు.

మామిడి కోతలప్పుడు మాత్రం నోరు కాస్త మెత్తబడేది. కోతకొచ్చే కూలీల క్యారియర్లన్నీ ఒకేలా ఉంటాయి. కొమ్మలకు తగిలించాక ఎవరి కూర ఎవరు తింటున్నారో తెలియదు. చదవడం రానివాళ్లకు పేరెందుకని ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ చెక్కేది. ఒకామె చిలకంటే చిలక, ఇంకొకామె చేపంటే చేప. ఒక ముసలాయన తనకేం తోచడం లేదంటే ఆయన మీసాలే చెక్కిచ్చింది. ఆ రోజు తోటంతా ఒకటే నవ్వులు.

ఈ పని నేర్చుకున్నది బావ కాదు, బావ భార్య. నేను అక్కా అంటాను. "నా తర్వాత ఉలులు కోడలివే" అని అత్తయ్య అందరి ముందూ చెప్పింది. పెద్దకర్మకు వచ్చినవాళ్లకు పంచే స్టీలు డబ్బాల మీద అత్తయ్య పేరు తన చేత్తోనే చెక్కాలని అక్క పట్టుబట్టింది. ఆవిడ పేరు కరెంటు పెన్నుతో గీకించడమంటే ఆవిడను తిట్టినట్టేనని నాకూ అనిపించింది.

పెద్దకర్మ ముందు రోజు పొద్దున నేను వెళ్లేసరికి డబ్బాలు వసారాలో పేర్చి ఉన్నాయి, ఉలులు లేవు. అక్క ఇల్లంతా వెతుకుతోంది. అంతలో బావ హనుమాన్ జంక్షన్ నుంచి పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. విప్పితే అద్దాల ఫ్రేము. మధ్యలో అత్తయ్య ఫొటో, చుట్టూ ఆవిడ ఉలులు. వాటిని గ్రైండరు మీద రుద్దించి, తళతళలాడే పూత వేయించి, ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద జిగురుతో అతికించాడు. అంచుల్లో రంగు బల్బులు కూడా పెట్టించాడు.

"ఎలా ఉందిరా? అమ్మ చూసుంటే మురిసిపోయేది కదా!" అన్నాడు. కళ్ల నిండా నీళ్లు.

పోయిన మనిషి వేళ్లు తెచ్చి రంగేసి అతికించినట్టుంది. ప్రేమతో చేసిన పని కాబట్టి తిట్టడానికీ లేదు.

అక్క ఫ్రేము బోర్లించి వెనక అట్ట ఊడదీసింది.

"ఏంటే ఆ పని! రేపు జనం వస్తారు, ఫొటో పెట్టొద్దా?"

"ఫొటో పెట్టుకోండి. ఉలులు అత్తయ్యగారు నాకిచ్చారండీ."

ఒక ఉలి పెరికి, రాయి మీద నూరి, డబ్బా మీద కొట్టింది. మొన వంగిపోయింది. గ్రైండరు వేడికి ఉక్కు మెత్తబడిపోయిందంది.

"చెడగొట్టేశానా?" అన్నాడు బావ.

"చెడగొట్టారు" అంది అక్క. సర్దిచెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

అక్క పొయ్యి వెలిగించి, పూత గీకేసిన ఉలిని పట్టకారుతో పట్టుకుని మొన ఎర్రబడేదాకా కాల్చింది. ఆవకాయకు తెచ్చిన నువ్వులనూనె గిన్నెలో పోసి అందులో ముంచితే సుయ్యిమంది. ఇల్లంతా మాడు కంపు. మళ్లీ తోమి, మొన ఎండుగడ్డి రంగుకు తిరిగేదాకా సన్నటి సెగ మీద పట్టింది. ఈసారి కొడితే చుక్క దిగింది. బావ కింద కూర్చుని మిగతావి ఒక్కొక్కటే ఊడదీసి అందించాడు.

మర్నాడు అదే ఫ్రేముకు దండ వేశారు. ఫొటో చుట్టూ చిరిగిన వెల్వెట్, జిగురు మరకలు, అర్థం లేకుండా వెలుగుతున్న బల్బులు. అంత వికారమైన వస్తువు నేను చూడలేదు.

"ఇక్కడేవో ఊడిపోయినట్టున్నాయేంటండీ?" అని వచ్చినవాళ్లు అడుగుతున్నారు.

"ఊడిపోలేదండీ, పనిలో ఉన్నాయి" అంటున్నాడు బావ. వసారాలో అక్క ఇసుక మూట మీద ఇంకో డబ్బా ఆనించుకుంటోంది.