అత్తయ్యగారి గదిలో పోలింగు

మావారు మా ఊరి బూత్‌లో పార్టీ ఏజెంటు. జాబితా ముందేసుకుని బెంచీ మీద కూర్చుంటే, లోపలికొచ్చిన మనిషి మొహం చూసి ఓటు ఎటు పడుతుందో చెప్పేస్తానని ఆయనకి ధీమా. ఫలితాల రోజు మా బూత్ అంకె తెలియగానే టీ కొట్టు దగ్గర రెండో లెక్కింపు మొదలవుతుంది. ఏ ఇల్లు ఎటు వేసింది, ఎవరు మాట తప్పారు అని అక్కడే తేల్చేస్తారు. పోయినసారి పక్క వీధిలో ఒక కుటుంబం మీద అనుమానం పడింది. రుజువేమీ లేదు. అయినా ఆ తర్వాత వాళ్ళ చెట్లకి కొబ్బరి దింపు తియ్యడానికి మనిషి రాలేదు, ఎదురింటి పెళ్ళికి పిలుపు లేదు. ఆ ఇల్లాలు రాలిన కాయలు తనే ఏరుకోవడం రోజూ చూసేదాన్ని.

అందుకే ఈసారి అత్తయ్యగారు ఇంట్లోనే ఓటేస్తానన్నప్పుడు నాకు దడ పుట్టింది. ఎనభై ఐదు దాటినవాళ్ళు కోరితే అధికారులే ఇంటికొస్తారని అంగన్‌వాడీ టీచరు చెప్పిందట. ఈవిడ మాతో మాటమాత్రం అనకుండా దరఖాస్తు మీద సంతకం పెట్టేశారు. అదేమంటే కాళ్ళ నొప్పులట. మొన్నమొన్నటిదాకా వాడపల్లి వెంకన్న గుడి చుట్టూ ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేసిన కాళ్ళు! బూత్ ఉన్న బడి చూస్తే మా ఇంటికి కూతవేటు.

అసలు భయం వేరే ఉంది. అవతలి పార్టీ అభ్యర్థిది అత్తయ్యగారి పుట్టినూరే, వరసకి ఆవిడకి మనవడు కూడా. మావారేమో "మా ఇంటి ఓట్లన్నీ మనవే" అని పార్టీ నాయకుడి దగ్గర ఒట్టేసినంత పని చేసి వచ్చారు.

పోలింగుకి వారం ముందు ఒకరోజు అధికారులు పొద్దున్నే వచ్చారు. ఎన్నికల డ్యూటీ పడిన ఒక టీచరమ్మ, ఆవిడ సహాయకుడు, వీడియో తీసే అతను, కానిస్టేబులు. వరండాలో ఒక పక్క మావారు, ఇంకో పక్క అవతలి పార్టీ ఏజెంటు. అత్తయ్యగారి గదిలో బల్ల మీద మందుల డబ్బాలు జరిపి అట్టముక్కతో చాటు కట్టారు.

"మా అమ్మకి చూపు ఆనదండీ. తోడు నేనొస్తాను," అన్నారు మావారు.

టీచరమ్మ అత్తయ్యగారి వైపు తిరిగింది. "మామ్మగారూ, తోడు కావాలాండీ?"

"ఎందుకండీ? మీ చీరంచుకి చిలకలున్నాయి కదా, కనపడతన్నాయి నాకు. ఆ ఎర్ర చిలక్కి ముక్కు లేదు కూడాను."

అందరూ నవ్వారు. అవతలి ఏజెంటు మరీ గట్టిగా నవ్వాడు. మావారి చెవులు ఎర్రబడ్డాయి. నవ్వుకి నోరు తెరిచినదాన్ని అది చూసి మూసేసుకున్నాను.

అత్తయ్యగారు ఒక్కరూ చాటుకి వెళ్ళారు. ఎంతసేపటికీ రారే! వంటింట్లో టీ కోసం పెట్టిన పాలు పొంగిపోయినా నాకు తెలియలేదు. చివరికి ఓటు కాగితం పెట్టిన కవర్లు అంటించి ఇచ్చి, ఏమీ ఎరగనట్టు వచ్చి మంచం మీద కూర్చున్నారు.

అవతలి ఏజెంటు మెట్లు దిగుతూ, "పుట్టింటి మీద మమకారం ఎక్కడికి పోద్దండీ, ఆయ్," అని ఓ మాట విసిరి పోయాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారు ఉండబట్టలేకపోయారు. "అమ్మా, ఎవరికేసేవే?"

"వేసేన్రా."

"అదే, ఎవరికని? వాడపల్లిలో అన్ని చుట్లు తిరిగేవు, బడిదాకా రాలేకపోయేవా? రేపు ఊళ్ళో నా పరువేం కావాలి?"

ఆవిడ అన్నం కలపడం ఆపేశారు. "బళ్ళో నువ్వు కూర్చుంటావు కదరా నాన్నా. ఇన్నేళ్ళూ లోపలికొచ్చి నీ మొహం చూసేసరికి నా చెయ్యి నువ్వు చెప్పినదాని మీదకే పోయేది. ఈ ఒక్కసారీ నా అంతట నేను వేద్దామనుకున్నాను."

మావారు సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నారు. పోలింగు రోజు దాకా తల్లితో మాట్లాడలేదు. వీధిలో మోటారుసైకిలు ఆగితే చాలు, కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. ఎవరో వచ్చి నిలదీస్తారని, ఆయన అందరి ముందూ తల్లిని ఏమైనా అంటారని ఒకటే భయం. ఒక సాయంత్రం నాయకుడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తలుపు వెనక నిలబడి విన్నాను.

"ఆయ్, మా అమ్మ ఓటు మనదేనండీ. నా కళ్ళ ముందే వేసిందండీ," అన్నారు మావారు. తల్లి మీద ఈగ వాలనివ్వకూడదని ఆడిన అబద్ధమది. నాకు ఆయన మీద జాలేసింది, కోపం కూడా వచ్చింది.

పోలింగు రోజు నేను బూత్‌కి వెళ్ళాను. ఎప్పుడూ నా పేరు చదవగానే మావారు నా వైపు చూసి చిన్నగా తలాడిస్తారు. ఆరోజు నన్ను చూసి బెంచీ మీంచి లేచారు. కిటికీ దగ్గరికి వెళ్ళి, నాకు వీపు పెట్టి బయటికి చూస్తూ నిలబడ్డారు.

వేలికి సిరా పూయించుకుని చాటుకి వెళ్ళాను. మెషీను మీద దీపం వెలిగింది. వెనక వరసలో జనం, బయట ఎవరిదో దగ్గు. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎవరికి వెయ్యాలో నాకు తెలియలేదు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ సంగతి ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు.