కొరియా పిలగాడు, మిర్చి దస్తీ

నాకు కుళ్లు ఎక్కువని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పక్క దుకాణం వాడు కొత్త కారు కొంటే కుళ్లుకున్నాను. నాకన్నా చిన్నవాడిని మార్కెట్ సంఘంలో పెద్దమనిషిని చేస్తే కుళ్లుకున్నాను. అవన్నీ రెండు పూటల్లో చల్లారిపోయే రకం. యాభై రెండేళ్లు వచ్చాక, ఎక్కడో కొరియాలో ఉండి, నేనొకణ్ని ఉన్నానని కూడా తెలియని ఒక పొడుగు కోటు పిలగాడి మీద పుట్టిన కుళ్లు మాత్రం ఏడాది పాటు నాకు తిన్నది అరగనివ్వలేదు.

వాడు మా ఇంట్లోకి ఫోన్ దారిన వచ్చాడు. మా అమ్మాయి హైదరాబాదులో హాస్టలుకు పోతూ పోతూ, వాళ్లమ్మకు పొద్దు పోవడానికని, తెలుగులో మాట్లాడే కొరియా సీరియళ్లు చూపించి పోయింది. నెల తిరక్కుండానే మా ఆవిడ వాటిని ఫోన్లోంచి టీవీలోకి ఎక్కించడం నేర్చుకుంది. ఇంకో నెలకు మా అమ్మ పక్కన చేరింది. అమ్మది నలుపు తెలుపు సినిమాల లోకం. వెన్నెల, పడవ, పుస్తకంలో దాచిన ఉత్తరం, స్తంభం చాటున తల వంచుకున్న నాయిక. పొద్దున అమ్మ పాత సినిమా, పగటి అన్నం తిన్నాక మా ఆవిడ కొరియా. మేముండే కొత్తవాడలోనే నేసిన పాత జంపఖానా ఒకటి పరుచుకుని, ఇద్దరూ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని చూసేవాళ్లు. పేరుకు అత్తాకోడళ్లు గానీ, వాళ్లు మేనత్తా మేనకోడళ్లు. నేను చేసుకున్నది మా మేనమామ బిడ్డనే.

నా కడుపుమంటకు మొదలు అక్కడే ఉంది. పాత సినిమా అయినా కొరియా సీరియల్ అయినా, ప్రేమ కథ అన్నాక ఇద్దరూ మొదటిసారి ఎదురుపడే చోటు ఒకటి ఉండాలి. పుస్తకాలు కింద పడాలి, వాన రావాలి, ఒకరినొకరు చూసి కాసేపు లోకం మరిచిపోవాలి. నేను నా భార్యను మొదటిసారి చూసింది ఆమె పుట్టిన ఇరవై ఒకటో రోజున, రఘునాథపల్లి దగ్గర మా మామ వాళ్ల ఇంట్లో. నాకు ఐదేళ్లు. ఆమె తొట్టెలో ఏడుస్తోంది, నేను లడ్డు తింటున్నాను. నీ పెండ్లాం రా అని ఎవరో అంటే, లడ్డు అడుగుతుందేమోనని వెనక దాచుకున్నానట.

ఇక నా పని సంగతి. ఎనుమాముల మార్కెట్లో నాది మిర్చి అడ్తి దుకాణం. రైతు తెచ్చిన బస్తాలను ఖరీదుదారులకు చూపించి అమ్మిపెడతాను. సీజనులో మార్కెట్లో పొద్దున్నే జెండా పాట ఉంటుంది. ఆ రోజు వచ్చిన సరుకులో అన్నిటికన్నా మంచి బస్తాలను ముందర పెట్టి వేలం పాట పాడతారు, చివరి ధర పలకగానే జెండా ఎగరేస్తారు. ఆ రోజుకు అదే పెద్ద ధర. మిగతా సరుకంతా దాన్ని చూసి చిన్నబోతూ దానికన్నా కిందనే పోతుంది. కొరియా పిలగాణ్ని చూసినప్పుడల్లా నాకు జెండా పాటే గుర్తొచ్చేది. వాడి మీద జెండా ఎగిరింది, నాలాంటి మొగుళ్లందరం షెడ్డులో వెనక వరసలో పడి ఉన్న బస్తాలం.

దానికి తోడు మిర్చి పని చేసేవాడు నేరుగా ఇంట్లోకి రాకూడదు. ఇది మా దగ్గర అందరి ఇళ్లల్లోనూ ఉన్న పద్ధతే. వెనక వాకిలి నుంచి రావాలి, బట్టలు విడిగా ఒక బకెట్లో వేయాలి, చేతులకు కొబ్బరినూనె రాసి సబ్బుతో కడగాలి, తల మీంచి నీళ్లు పోసుకోవాలి. సీరియల్లో పిలగాడు వస్తే వాడు ప్రేమించే పిల్ల మెట్లు దిగి ఉరికొస్తుంది. నేను వస్తే మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి ఉరుకుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఇంటికి రాగానే నేను విన్న మొదటి మాట ఒక్కటే. "బావా, ముందుగాల తానం చెయ్."

ఇంకో పాత బాకీ కూడా నా మనసులో ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆమెను హన్మకొండలో మ్యాట్నీకి తీసుకుపోయాను. మార్చి నెల, సీజను మంచి ఊపు మీద ఉంది, తెల్లవారక ముందు నుంచి మార్కెట్ యార్డులో నిలబడి వచ్చాను. హీరో హీరోయిన్లు కలవక ముందే నిద్రపోయాను. జనం లేచిపోయాక ఆమె లేపింది. స్కూటర్ మీద వస్తూ, చివరికి ఏమైంది అని అడిగితే, "మంచిగనే అయింది" అంది. అంతే. ఆ తర్వాత ఆమె సినిమాకు పోదామని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. వీడితో లాభం లేదని ఆ రోజే తీర్మానించుకుందని నేను అనుకున్నాను.

పోయిన సీజనులో ఒక రోజు మధ్యాహ్నం వెనక బాత్రూంలో ముఖానికి సబ్బు పెట్టుకుని ఉన్నాను. వెంటిలేటర్లోంచి టీవీ మాటలతో పాటు వీళ్ల మాటలూ వినపడుతున్నాయి. బస్టాపులో ఆ పిల్ల ఏడుస్తోందట. పిలగాడు జేబులోంచి దస్తీ తీసి, ఆమె చేతికి ఇవ్వకుండా, తనే కళ్లు తుడిచాడట.

"అత్తా, మల్ల పెట్టనా?" అంది మా ఆవిడ.

"పెట్టు బిడ్డా. మా కాలంల గిట్ల ఏడిస్తె హీరో పాట పాడేది. గీ దస్తీనే మంచిగున్నది."

మళ్లీ చూశారు. ఇద్దరూ ముక్కులు ఎగబీల్చారు. తర్వాత మా ఆవిడ అంది.

"అత్తా, నీ కొడుకు ఎన్నడన్న నా దిక్కు గిట్ల చూసిండా?"

"వాడా? వాడు మిరపకాయల దిక్కు తప్ప ఇంకో దిక్కు చూస్తడా బిడ్డా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. కన్నతల్లి కూడా వాడి వైపే. నాకు ఒళ్లు మండిపోయింది. నేను చూడలేదు సరే, ఆమె నన్ను చూసిందా? ఇరవై ఆరేళ్లలో ఒక్కసారైనా, ఆ కొరియావాణ్ని చూసినట్టు రెప్ప వాల్చకుండా నన్ను చూసిందా? ఆ ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు. దుకాణంలో బస్తా విప్పుతున్నా అదే, తూకం దగ్గర నిలబడినా అదే. నోరు తెరిచి అడగాలంటే, లేదు అంటుందేమోనని భయం.

అడగలేనివాణ్ని పోటీకి దిగాను. వారం తర్వాత యార్డులో పని తొందరగా అయిపోయింది. ఇంటికి వచ్చి పద్ధతి ప్రకారం అన్నీ చేశాను. నూనె రాశాను, మూడుసార్లు సబ్బు పెట్టాను, తలంటుకున్నాను, ఉతికిన అంగీ వేసుకున్నాను. మా ఆవిడ టీవీ ముందు కళ్లనీళ్లు కారుస్తూ కూర్చుంది. నేను వెళ్లి జంపఖానా మీద పక్కన కూర్చున్నాను. ఆమె వింతగా చూసింది. నేను వాడిలాగే జేబులోంచి దస్తీ తీశాను. ఒక చేత్తో ఆమె గదుమ పట్టుకుని రెండు కళ్లూ శ్రద్ధగా తుడిచాను.

అంగీ మార్చాను గానీ, అలవాటు కొద్దీ పాత అంగీ జేబులోని దస్తీని కొత్త అంగీ జేబులో పెట్టుకున్నానని అప్పటిదాకా నాకు గుర్తు లేదు. పొద్దుటి నుంచి యార్డులో నా ముక్కుకు కట్టుకున్న దస్తీ అది.

ఆమె పెట్టిన కేకకు పక్కింట్లో మగ్గం ఆగింది. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి కొడుతూ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "పెండ్లాం కండ్లు తీసినవు గదరా! నీకెందుకురా గీ సోకులు?" అన్నది ఒక్కటే రాయదగ్గది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. ఇన్నాళ్లూ కళ్లల్లో నిప్పులు పోసుకున్నది నేను, కారం పడింది ఆమె కళ్లల్లో. డాక్టరు కడిగి, చుక్కల మందు వేసి, చూపుకు ఫికర్ లేదన్నాడు. రెండు రోజులు కళ్లు మూసుకుని ఉండాలి, ఫోనూ టీవీ చూడొద్దు అన్నాడు. దస్తీతో తుడిచానని చెబితే ఎందుకు తుడిచారని అడిగాడు. నేను గోడ మీది అక్షరాల అట్ట చదువుతూ నిలబడ్డాను.

రెండు రోజులు దుకాణానికి పోలేదు. కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని ఆమె జంపఖానా మీద పడుకుంది. అమ్మ అన్నం తిని పక్క గదిలో కునుకు తీస్తోంది.

"బావా, టీవీ పెట్టు," అంది.

"డాక్టర్ వద్దన్నడు గద."

"చూడొద్దన్నడు. ఇనొద్దన్లే. నువ్వు చూసి జెప్పు."

వాడి కథ నేను చెప్పాలట! కానీ తప్పు చేసినవాణ్ని, పెట్టాను. మాటలు ఉన్నంతసేపూ బాగానే ఉంది. ఆ సీరియళ్లలో మాటలకన్నా మౌనాలు ఎక్కువని అప్పుడు తెలిసింది. సన్నగా పియానో మోగుతుంది, మనుషులు నిలబడి ఉంటారు.

"ఏం జేస్తాండు?"

"నిలబడ్డడు."

"ఊకనే నిలబడ్డడా?"

"ఆ పిల్ల దిక్కు చూస్తాండు."

"ఎట్ల చూస్తాండు?"

ఏం చెప్పాలి? టీవీ దగ్గరికి జరిగి వాడి ముఖంలోకి చూశాను. ఏడాదిగా తిట్టుకున్నానే గానీ, వాణ్ని సరిగ్గా చూసింది అదే మొదటిసారి. నాకు తెలిసిన చూపు ఒకటే దానికి దగ్గరగా తోచింది.

"రైతు తన బస్తాల ముందట నిలబడి, ఖరీదుదారు మొఖం దిక్కు చూస్తడు సూడు. ఏడాది కష్టమంత గా బస్తాలల్ల ఉంటది. మంచిగున్నదని అంటడా, పక్కకు వోతడా అని. గట్ల చూస్తాండు."

ఆమె గుండెల నిండా ఒక నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పుతో నాకు మళ్లీ మండింది. మాట నాది, నిట్టూర్పు వాడికి. వాడి ముఖం మళ్లీ తెర నిండా వచ్చింది.

"ఇప్పుడేం జేస్తాండు?"

"ఏమున్నది? బస్సు వచ్చింది, ఎక్కి పోయిండు."

"పోయిండా?"

"ఎనుకకు తిరిగన్న చూడలే. గాల్లందరు గంతే."

గుడ్డ కింద ఆమె పెదాలు కదిలాయి. నవ్వుతోంది.

"అబద్ధం జెప్తానవ్ బావా. గాయన యాడికీ పోడు. బస్సు పోయినంక గూడ ఆన్నే నిలబడి చూస్తడు. గిది నేను మూడుసార్లు చూసిన."

"చూసిందాన్కి నన్నెందుకు అడిగినవ్?"

"నువ్వెట్ల జెప్తవో ఇందామని."

నాకు సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. టీవీ ఆపేశాను. ఇన్నాళ్లూ నోట్లో నానిన ప్రశ్న, ఆమె కళ్లు మూసుకుని ఉన్నాయన్న ధైర్యంతో బయటపడింది.

"గా పిలగాన్ని మూడుసార్లు చూసినవ్. నన్ను ఎన్నడన్న గట్ల చూసినవా?"

పక్క గదిలో అమ్మ గురక వినిపిస్తోంది. లేదు అనే మాట కోసం నేను కాచుకుని కూర్చున్నాను.

"చూసిన. హన్మకొండల, సినిమా టాకీసుల."

"ఎప్పుడు? నేను పండుకుంటి గదా!"

"పండుకున్నప్పుడే. నా భుజం మీద తల వెట్టి, నోరు తెర్సుకొని పండుకున్నవ్. తానం జేసి వచ్చినవ్ గని చెవు ఎనుక ఎర్రగ మిర్చి పొడి ఇంక ఉండె. నా భుజం అంత మంట లేసింది. కదిల్తె లేస్తవని కదల్లే. నిన్నే చూసుకుంట కూసున్న. గా సినిమ ఆఖరికి ఎట్ల ఒడ్సిందో నాకు గూడ తెల్వది."

"మంచిగనే అయిందన్నవ్?"

"మంచిగనే అయింది గద," అంది ఆమె.

మళ్లీ నేనే అడిగాను. "మరి మల్ల ఎన్నడు సినిమకు పోదామని అడగలేదేంది?"

"నువ్వడుగుతవని చూసిన," అంది. గుడ్డ ఆరిపోయిందని, తడిపి ఇమ్మంది.

చేతులు మళ్లీ సబ్బుతో కడుక్కుని, గుడ్డ తడిపి ఆమె కళ్ల మీద వేశాను.

మూడో రోజు ఆమె కళ్లు తెరిచింది, నాలుగో రోజు కొరియా మళ్లీ మొదలైంది. ఇప్పుడు యార్డు నుంచి రాగానే తానం చేసి నేనూ ఆ జంపఖానా మీద ఒక మూల కూర్చుంటున్నాను. ఆ పిలగాడి మీద నాకు పెద్దగా కోపం లేదు. వాడు చూడాల్సినప్పుడు చూస్తాడు, వాడి పని వాడు చేస్తున్నాడు. నా కుళ్లంతా ఇప్పుడు ఆ టాకీసులోని ఇరవై ఆరేళ్ల వాడి మీద. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి వాడి మీద జెండా ఎగిరింది. సినిమా అయిపోయేదాకా ఒక ఆడపిల్ల భుజం మండుతున్నా కదలకుండా వాడి ముఖమే చూస్తూ కూర్చుంది. ఆ వెధవ నోరు తెరుచుకుని నిద్రపోయాడు.