బంతి ఆగేదాకా

గంగులయ్యకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఎవరైనా దేన్నైనా కొట్టబోతుంటే చుట్టుపక్కల ఒక్కరూ నోరు మెదపకూడదు. అంగట్లో అమీర్ బాషా మాంసం కొట్టడానికి కత్తి ఎత్తినా, గుళ్లో పూజారి కొబ్బరికాయ ఎత్తినా గంగులయ్య అరచెయ్యి పైకి లేచేది. "గమ్మునుండండప్పా." కత్తి దిగాక చెయ్యీ దిగేది. కొబ్బరిచిప్ప దొర్లిపోయిందా, అది ఆగేదాకా దించేవాడు కాడు. బేరమాడుతున్న ఆడవాళ్లు కూడా ధర సగంలో మింగి నిలబడాల్సిందే.

ఈ పిచ్చి బెంగళూరు నుంచి తెచ్చుకున్నది. అక్కడ ఒక గోల్ఫు మైదానంలో గడ్డి కోసే యంత్రం తోలుతూ వయసంతా గడిపాడు. ఎవరైనా కర్ర ఎత్తితే చాలు, అంత మైదానమూ ఊపిరి బిగబట్టేదట. బంతి ఆగేదాకా దగ్గు వచ్చినా మింగేవారట. ఎందుకన్నా అంత భయం అని వరసకు చెల్లెలైన నాగలత ఒకసారి అడిగింది. "భయం కాదుమ్మా. మనం మాట్లాడితే ఆ దెబ్బ వానిది కాకుండా పోతాది" అన్నాడు.

జమ్మలమడుగుకు తిరిగొచ్చాక ఆయన కన్ను పెన్నలోని దిబ్బ మీద పడింది. వరద తీశాక రెండు పాయల నడుమ మిగిలే పచ్చిక దిబ్బ అది. నాగలత పెనిమిటి రఘునాథ్ గొర్రెలను మేపేది అక్కడే. గొర్రెలు కొరికిన గడ్డిని గంగులయ్య వంగి, పసిబిడ్డ తల నిమిరినట్టు నిమిరాడు.

"బావా, నీ గొర్రెలు నా యంత్రం కంటే బాగా కోస్తాండాయి."

టోర్నమెంటు అలా పుట్టింది. గెలిచినవాడికి రఘునాథ్ మందలో నుంచి ఒక పొట్టేలు. బహుమానం కోసం ఆడేవాడు ప్రొఫెషనలే కాబట్టి తమది ప్రొఫెషనల్ టోర్నమెంటని గంగులయ్య కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడు. బెంగళూరులో పెద్దవాళ్ల కర్రల సంచులు మోస్తూ ఆట నేర్చుకున్న ఆయన స్నేహితులు నలుగురైదుగురు ఏటా చలికాలంలో వచ్చేవారు. నాగలత సంగటి, ఊరిబిండి పచ్చడి గంపకెత్తుకుని మోకాటిలోతు నీళ్లలో దిబ్బకు మోసేది.

మొదటి ఏడాది కర్ర ఎత్తగానే గొర్రెలు అరిచాయి. గంగులయ్య వాటికీ అరచెయ్యి చూపించాడు. అవి ఇంకా గట్టిగా అరిచాయి. రఘునాథ్ నాలుక మడిచి సన్నగా ఈల వేస్తే మంద మొత్తం గమ్మునైంది. ఆ ఈల నాగలతకూ వచ్చు. పెనిమిటే నేర్పాడు. నలుగురిలో వేస్తే ఏమనుకుంటారోనని దొడ్డి దాటి ఎప్పుడూ వేయలేదు.

ఇంకో ఏడాది, గెలిచినవాడు పొట్టేలుతో ప్రొద్దుటూరు బస్టాండులో బెంగళూరు బస్సెక్కబోతే కండక్టరు ససేమిరా అన్నాడు. గెలిచినవాడు పోయాడు, పొట్టేలు గంగులయ్య వెంట తిరిగొచ్చింది. మరుసటేడూ అదే బహుమానం, అదే బస్టాండు, అదే గొడవ. ఒక్క పొట్టేలునే వరసగా ముగ్గురు గెలిచారు. తర్వాత వరదకు దిబ్బ సగం కొట్టుకుపోతే గంగులయ్య మిగిలిన సగంలోనే గుంతలు దగ్గరదగ్గరగా తవ్వించాడు. టోర్నమెంటు పేరులో మాత్రం ఒక్క అక్షరం తగ్గించలేదు.

ఈ ఎండాకాలం రఘునాథ్ ఆ దిబ్బ మీదే వడదెబ్బకు పడిపోయాడు. మళ్లీ లేవలేదు.

దినాలు అయ్యేదాకా ఇల్లంతా జనం. వచ్చినవాళ్లందరూ మాట్లాడారు. కొందరు ధైర్యం చెప్పారు, కొందరు అంత ఎండలో ఎందుకు పంపావన్నారు. నాగలత గోడకు ఆనుకుని విన్నది. ఏడవడానికి కూడా ఎవరూ సందివ్వలేదు. గంగులయ్య ఒక్కడే ఏమీ అనలేదు. పొద్దున్నే వచ్చి మందను విప్పుకుని పోయేవాడు, పొద్దుగూకి తెచ్చి దొడ్లో తోలేవాడు. ఆయనకు ఈల రాదు. దిబ్బ మీద పగలంతా అరచెయ్యి ఎత్తి గొర్రెలను బతిమాలుతున్నాడని చూసినవాళ్లు చావింట్లోనే కొంగు చాటున నవ్వుకున్నారు.

దినాల మరునాడు రఘునాథ్ అన్న ఓబులేసు అందరినీ కూర్చోబెట్టాడు. గొర్రెలు అమ్మెయ్యాలి, ఇల్లు బాడుగకు ఇయ్యాలి, నాగలత పులివెందులలో తమ్ముని ఇంటికి పోవాలి. తమ్ముడు తలూపాడు. అక్కడ ఏ మూల పడుకోవాలో కూడా తేలిపోయింది. పెనిమిటి చేతుల్లో పెరిగిన ఆ మంద తప్ప నాగలతకు ఇంక ఏమీ మిగల్లేదు. కొనేవాడు సాయంత్రం వస్తాడట. ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు మాట అందుకున్నారు. మళ్లీ ఒకసారి ఊపిరి పీల్చుకుంది.

వాకిట్లో అరచెయ్యి లేచింది.

"గమ్మునుండండప్పా."

"ఏంది బావా, ఈడ ఎవురేం కొడతాండారు?" అన్నాడు ఓబులేసు. "గొర్రెలు పోతే నీ ఆట పోతాదనా?"

"ఆట పోతే పోనీ. ఈ దెబ్బ ఆయమ్మది. మనది కాదు."

ఇన్నేళ్లుగా ఆ చేతికి అలవాటుపడిన నోళ్లు కదా, వాటంతటవే మూతపడ్డాయి. ఇన్నాళ్లకు నాగలతకు తన ఊపిరి తనకు వినబడింది.

"నేను యాడికీ పోను. గొర్రెల్ని అమ్మను. నేనే మేపుకుంటా."

ఓబులేసు నోరు తెరిచాడు. అరచెయ్యి దిగలేదు.

"చెప్పింది గదా, ఇంగ దించు బావా."

"బంతి ఇంగా పోతాందప్పా. ఆగనీ."

ఆ సందు దొరికాక నాగలత కళ్లు తుడుచుకోకుండానే ఏడ్చింది. అంతలో దొడ్లో గొర్రెలన్నీ ఒక్కసారిగా అరిచాయి. గంగులయ్య కంగారుగా రెండో చెయ్యి అటు ఎత్తాడు. ఒక చెయ్యి చుట్టాలకు, ఒక చెయ్యి గొర్రెలకు. పోలీసులకు దొరికినవాడిలా నిలబడ్డాడు. గొర్రెలు ఆయన్ను ఎప్పుడు లెక్కచేశాయి గనక.

నాగలత లేచి గడప దాకా వచ్చింది. బావ ఓబులేసు ఉన్నాడని చూడలేదు, తమ్ముడున్నాడని చూడలేదు. నాలుక మడిచి సన్నగా ఈల వేసింది.

మంద గమ్మునైంది.

గంగులయ్య కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత రెండు చేతులూ దించి, భుజాలు పిసుక్కున్నాడు.

"ఆగింది. ఇంగ మాట్లాడుకోండప్పా."

ఓబులేసు లేచి, కొనేవాడికి రావొద్దని చెప్పడానికి బయల్దేరాడు.