నాన్న హెల్మెట్టు, నా క్లచ్ వైరు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా నాన్న హెల్మెట్టు దొంగిలించింది నేనే.

రాసేశాను. చూస్తే ఎంత చిన్న వాక్యం! మూడేళ్ళుగా దీన్ని గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "పెళ్ళికి వెళ్ళాం. వంకాయ కూరలో ఉప్పు ఎక్కువ" అని రాసుకున్నాను. నిజానికి ఉప్పు సరిగ్గానే ఉంది. సొంత డైరీకే అబద్ధం చెప్పిన మనిషిని మీరు నమ్ముతారా? ఏమో. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాన్న సన్నాయి వాయిస్తారు. రాజాం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఆయన, డోలు వాయించే సింహాచలం బాబాయి ఒకే బండి మీద వెళ్ళేవారు. ముందు నాన్న, వెనుక బాబాయి, మధ్యలో మూడో మనిషిలా డోలు. బాబాయి మాకు చుట్టం కాదు. చుట్టాలకంటే ఎక్కువగా మా ఇంట్లో అన్నం తిన్నవాడు.

నాన్న తల పెద్దది. దానికి పట్టే హెల్మెట్టు రాజాంలో దొరక్క శ్రీకాకుళం వెళ్ళి తెచ్చుకున్నారు. అంత అపురూపమైనదాన్ని బండి అద్దానికి తగిలించి పెళ్ళి పందిట్లోకి వెళ్ళిపోయేవారు. అప్పటికే మా వీధిలో ఇద్దరి హెల్మెట్లు పోయాయి. నాకు దిగులు పట్టుకుంది. నోరు విప్పి జాగ్రత్తలు చెప్పే స్వభావం కాదు నాది. చేత్తో ఏదైనా చేసి చూపిద్దామనుకున్నాను.

మెకానిక్ షెడ్డు ముందు చాలాసేపు అటూ ఇటూ నడిచి, చివరికి ఒక పాత క్లచ్ వైరు అడిగాను. దాన్ని మేస్త్రీలు మట్టం చూసుకునే ప్లాస్టిక్ గొట్టంలోకి దూర్చాను, బండికి గీతలు పడకుండా. రెండు కొసలూ ఉంగరంలా మడిచి, ఫ్రిజ్ రిపేరు చేసే ఆయన పారేసిన రాగి గొట్టం ముక్కలు తొడిగి, రాతి మీద పెట్టి సుత్తితో నలగ్గొట్టాను. నా వేలు కూడా నలిగింది. వైరును హెల్మెట్టు గడ్డం పట్టీలోంచి, బండి వెనుక కడ్డీలోంచి దూర్చి, రెండు ఉంగరాలకూ ట్రంకుపెట్టె తాళం వేస్తే చాలు.

నాన్న దాన్ని ఎత్తి చూశారు. "ఇదేటే, గేదెకి పలుపా?"

అందరూ నవ్వారు. వైరు చొక్కాల మేకుకు ఎక్కింది. నాకు అంత కోపం ఉందని నాకే తెలియదు. అది హెల్మెట్టు మీద ప్రేమేనా, లేక నా వైరును మేకుకు తగిలించినందుకు పగా? అప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. ఒక పథకం మాత్రం వేసుకున్నాను. హెల్మెట్టు ఒక్క పూట మాయం కావాలి. నాన్న బాధపడాలి, నా వైరు గుర్తుకు రావాలి. సాయంత్రం నేనే "దొరికింది" అని తెచ్చివ్వాలి. పుస్తకాలు ఎక్కువ చదివితే ఇలాంటి పథకాలే తడతాయి.

మా పక్కవీధి అమ్మాయి పెళ్ళి. నేను మేళగాడి కూతుర్ని. ఏ క్షణంలో దొంగతనం చెయ్యాలో నాకు తెలుసు. పంతులుగారు వేలు ఆడించి గట్టిమేళం అనగానే, ఇల్లు అంటుకున్నా సన్నాయీ డోలూ ఆగకూడదు. వచ్చినవాళ్ళందరూ పెళ్ళికూతురి మీదే అక్షింతలు వేస్తుంటారు. నేను బయటికి నడిచాను. తీసే తొందరలో నా చేతిలోని అక్షింతలు హెల్మెట్టు మీదే పడ్డాయి. ఆశీర్వదించి మరీ దొంగిలించాను. కానుక బిందె తెచ్చిన సంచిలో వేసుకుని ఇంటికి పోయి, అటక మీది ఇత్తడి గుండిగలో దాచి, తిరిగొచ్చి బంతిలో కూర్చున్నాను.

బూరె కొరికానో లేదో, బయట కేకలు.

"లోపలెట్టమన్నాను కదరా నీకు!" నాన్న గొంతు. ఎప్పుడూ తానే అద్దానికి తగిలించే మనిషి, తప్పు బాబాయి మీదకు నెడుతున్నారు.

"నీ గుండిగంత హెల్మెట్టు ఎవుడి తలకి పడతాదిరా? రేపు ఆడే తెచ్చిస్తాడులే," అని బాబాయి నవ్వాడు.

నవ్వకుండా ఉంటే బాగుండేది. "నవ్వుతున్నావేటి? నువ్వే అమ్మేసుంటావు!" అనేశారు నాన్న.

నేను గుమ్మం దాకా పరుగెత్తాను. నోటి నిండా బూరె. మింగేలోపు బాబాయి డోలు భుజానికెత్తుకుని ఆటోలవైపు నడిచిపోయాడు. ఆ నేరం బూరె మీదకు నెట్టి చాలాకాలం బతికాను.

ఆ రాత్రే చెప్పి ఉంటే చిలిపి పని. దాచినకొద్దీ అది బెండకాయలా ముదిరిపోయింది. నాన్న ఇంకో హెల్మెట్టు కొన్నారు. అది బిగుతు, తీసేసరికి నుదుటి మీద ఎర్రటి గీత. దాన్ని నా వైరుతోనే కడతారు. "మా అమ్మాయి ముందే సెప్పింది, నేనే యినలేదు," అని కనిపించినవాళ్ళందరికీ చెబుతారు. వీధిలో సగం బళ్ళకు ఇప్పుడు నా వైర్లే. ఇంత పేరు నాకు ఇంకే పనికీ రాలేదు.

బాబాయి చోట వచ్చిన కొత్త డోలాయన బాగానే వాయిస్తాడు. కాని నాన్నకు ఊపిరి ఎక్కడ అందదో ఆయనకు తెలియదు. బాబాయికి తెలుసు. సరిగ్గా అక్కడ నాలుగు దెబ్బలు ఎక్కువ వేసి, నాన్న గాలి పీల్చుకునేదాకా అందుకునేవాడు. ఇప్పుడు నాన్న మధ్యలోనే సన్నాయి దించి దగ్గుతారు, పక్కకు చూస్తారు. పెద్ద రాగాలు మానేశారు. నేను తీసింది హెల్మెట్టే కదా, ఆయన ఊపిరి ఎలా పోయింది?

మొన్న కూరల బజారులో బాబాయి ఎదురయ్యాడు. పాత బండి ఒకటి కొనుక్కున్నాడు. వెనుక సీటు మీద డోలు ఒక్కటే, తాడుతో కట్టి ఉంది.

"బాగున్నావేటమ్మా? మీ నాన్న బాగా ఊదతన్నాడా?"

తల ఊపాను. మరో అబద్ధం. "బాబాయ్, ఆ హెల్మెట్టు..." అన్నాను.

"దాని మాటెత్తకమ్మా. ఆడు నన్నంతమాట అన్నాడు. అయిపోనాది." నా సంచిలోని వైర్ల చుట్ట చూశాడు. "అందరికీ సేస్తన్నావట కదా. నాకూ ఒకటి సేసియ్యి."

చేశాను. ఇది రాస్తుంటే పక్కనే ఉంది. రేపు అది ఇచ్చేటప్పుడు నోరు పెగులుతుందో లేదో మాటివ్వలేను. అటక మీదిది అటక మీదే ఉంది. తప్పు తగ్గలేదు. గొంతులో మాత్రం ఈ పూట కాస్త గాలి ఆడుతోంది.

మొన్న బజారులో బాబాయి బండి స్టార్టు చేసి, కొంచెం ముందుకు పోయి, వెనక్కి తిరిగి అన్నాడు:

"గట్టిగా సెయ్యమ్మా. ఆ దొంగెదవ ఇంకా దొరకనేదు కదా."